నిండు ట్యాంకుతో చంద్రుడి మీదికి

కొత్త జిల్లాలు చేసిన ఏడాది మా మార్కాపురానికి జిల్లా రాలేదు. ఒంగోలు ఎంత దూరంలో ఉండేదో అంత దూరంలోనే ఉండిపోయింది. ఊరంతా ఆ దుఃఖంలో ఉండగా నేను మాత్రం చంద్రుడి మీదికి పోయే పని పెట్టుకున్నాను. ఒంగోలు కలెక్టరాఫీసుతో పోలిస్తే అదే నయమనిపించింది. ఎదురుగా రోజూ కనిపిస్తుంది, మధ్యలో బస్సు మారనక్కర్లేదు.

మాది పలకల దుకాణం. పిల్లలు పలక మీద రాయడం మానేశాక దుకాణం వెనక గది ఖాళీ అయింది. బిల్లులు కొట్టడానికని కొన్న కంప్యూటరును ఆ గదిలో పెట్టి, అంతరిక్ష నౌక నడిపే సిమ్యులేటర్ ఒకటి అందులోకి ఎక్కించాను. తుపాకులు, రాక్షసులు ఉండే ఆట కాదిది. నిజమైన నౌక ఎలా పోతుందో అలాగే పోతుంది. నిజమైన మీటలన్నీ ఉంటాయి. నిజంగానే ఒక్క ముక్క అర్థం కాదు.

అర్థం కావడానికి ఒక మాన్యువల్ ఇచ్చారు. జిరాక్స్ షాపులో ప్రింటు తీయిస్తే మిషను మధ్యలో సొమ్మసిల్లింది. షాపతను దానికి అట్టతో గాలి విసురుతూ అడిగాడు.

"ఏం పరీక్షన్నా ఇది?"

"చంద్రుడి మీద దిగేదానికి."

"పోస్టులు ఎన్ని పడినాయి?"

బైండింగ్ చేసిన పుస్తకాన్ని స్కూటరు వెనక పెడితే ముందు చక్రం గాల్లోకి లేచింది. నా అంతరిక్ష జీవితంలో అదే మొదటి లాంచింగు.

మాన్యువల్ మొదటి అధ్యాయం "ఇది చదివే ముందు తొమ్మిదో అధ్యాయం చదవండి" అని మొదలైంది. తొమ్మిదో అధ్యాయం "మొదటి అధ్యాయంలో మీరు నేర్చుకున్నట్టుగా" అని మొదలైంది. ఆ రెండింటి మధ్య నేను వినాయక చవితి నుంచి దీపావళి దాకా తిరిగాను. ఎడమ పక్క నీలం బటన్ నొక్కమంటారు. ఆ బటన్ పాత వెర్షన్‌లో ఉండేదట. తీసేసినవాళ్లు ఆ సంగతి మాన్యువల్ రాసినవాళ్లకు చెప్పినట్టు లేదు. ఎంత భయంకరమైన నల్లమల ఘాట్ రోడ్డుకైనా మలుపుకు ముందు ఒక బోర్డు ఉంటుంది. ఇక్కడ మనం లోయలో పడ్డాక, మలుపు దాటిపోయిందని బోర్డు కనిపిస్తుంది.

ఇదిలా ఉండగా మా ఆవిడ జాకెట్లు కుట్టడంలో పేరు తెచ్చుకుంది. యర్రగొండపాలెం నుంచి దర్శి దాకా ఏ పెళ్లిలోనైనా పెళ్లికూతురు చేతులు పైకెత్తి తలంబ్రాలు పోసిందంటే అది మా ఆవిడ కుట్టిన జాకెట్టేనని అర్థం. ఆ కుట్టుమిషను మాత్రం వంటింట్లో పొయ్యి పక్కన ఉండేది.

"ఏందండీ ఇది? బంగారం లాంటి గది. రాకెట్లు పగలగొట్టేదానికా?" అంది ఒకరోజు. "నా జాకెట్లకు తాలింపు వాసన వస్తా ఉందంట. పెళ్లికూతురు పక్కన కూర్చుంటే పెళ్లికొడుక్కు ఆకలైతా ఉందంట."

"నేర్చుకుంటున్నా కదా."

"ఎప్పుడు దిగుతారు?"

"ఆదివారం" అన్నాను. నోరు జారిందంతే.

"సరే. ఆదివారం మాయమ్మ, తమ్ముడు గిద్దలూరు నుంచి వస్తా ఉండారు. వాళ్ల ముందర దిగండి. దిగితే గది మీది. పడినారో, సోమవారం పొద్దున నా మిషను లోపలికి వస్తది."

నేను పడుతూనే ఉన్నానని ఆమెకు తెలుసు. ఎందుకు పడుతున్నానో మాత్రం అప్పటికి నాకే తెలియదు. మా వైపు నీళ్ల ట్యాంకరు ఇవాళ వచ్చిందని తెలుస్తుంది గానీ మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలు తొలిచి, ఆ నీళ్లే చెట్టుకు పోసి, చెట్టు పూర్తిగా తాగిందో లేదో కాసేపు నిలబడి చూసే వంశం మాది. తొట్టి నిండుగా కనబడితే మాకు ప్రాణం కుదుటపడుతుంది. నౌకలో ఇంధనాన్నీ నేను అలాగే వాడాను. చంద్రుడి దగ్గరికి తూటాలా పోయి, వేగం తగ్గడానికి ఇంజను వెలిగించి, అది రెండు గుక్కలు తాగగానే ఆపేసేవాణ్ణి. అంత నిండు ట్యాంకులతో చంద్రుణ్ణి గుద్దినవాడు మానవజాతిలో ఇంకొకడు లేడు.

శనివారం మధ్యాహ్నం మాన్యువల్ చివర చీమతలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం దొరికింది: దిగేటప్పుడు ఇంధనాన్ని దాచుకోకండి, దాచుకున్నది మిమ్మల్ని కాపాడదు. ఈ మాట మా పేటలో ఎవరైనా మైకులో చెబితే ఆడవాళ్లు బిందెలతో తరుముతారు.

ఆదివారం అందరూ వచ్చారు. మా బామ్మర్దికి గిద్దలూరులో నీళ్ల ట్యాంకరు ఉంది. అందులోనే వాళ్లమ్మను కూర్చోబెట్టుకుని వచ్చాడు. అత్తగారు కంప్యూటర్‌లోని చంద్రుడికి దండం పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. నేను నౌకను వెనక్కి తిప్పి ఇంజను వెలిగించాను.

"అదేంది నాయనా, ఎర్రగీత కిందికి దిగతా ఉంది?" అంది అత్తగారు.

"ఇంధనం, అత్తా."

"అయ్యో, కారిపోతా ఉందా?"

"కారడం ఏందమ్మా, బావే పారబోస్తా ఉండాడు!" బామ్మర్ది లేచి నిలబడ్డాడు. "బావా, ఆపు. సగమన్నా ఉంచుకో. ఊరుగాని ఊరు."

నేను పడిపోతే మా ఆవిడకు గది వస్తుంది. ఆమె నోరు మూసుకుని కూర్చుంటే చాలు. కానీ ఎర్రగీత పావుకు వచ్చేసరికి ఆమె కూడా తట్టుకోలేకపోయింది.

"ఆపండి! మొత్తం ఇయాలే తగలేస్తే రేపటికేందీ?"

నా వేలు నన్నడక్కుండా ఇంజను ఆపేసింది. చంద్రుడు మా మీదికి దూకాడు. ఇన్నాళ్లూ ఇక్కడే పడుతున్నానని గుర్తొచ్చి, పళ్లు బిగబట్టి మళ్లీ వెలిగించాను. అత్తగారు కొంగుతో కళ్లు మూసుకుంది. బామ్మర్ది తన ట్యాంకరే బోల్తా పడ్డట్టు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. మే నెలలో హనుమంతునిపాడు చేలల్లో కూడా లేవనంత దుమ్ము లేచింది. ఎర్రగీత అడుగంటింది. నౌక నిలబడింది.

"దిగినాను" అన్నాను.

"దిగినారు" అంది మా ఆవిడ. ఒప్పుకోవడంలో ఆమెకు పేచీ ఉండదు.

అత్తగారు కళ్లు తెరిచింది. "లోపల మనిషి ఉండాడా?"

"ఒకడున్నాడత్తా. బొమ్మ మనిషి."

"మళ్లీ ఎట్ల వస్తాడు?"

పేజీలు తిప్పి చూశాను. ఇంధనం లేదు కాబట్టి రాడు. ఆ మాట చెప్పగానే అత్తగారు చేతిలోని బజ్జీ ప్లేటులో పెట్టేసింది. ఎవరు కన్న బిడ్డో, అంత దూరాన ఒంటిగా వదిలేస్తే తనకు ముద్ద దిగదంది. ట్యాంకరు దారిలో ఆగితే ఇంకో బండి పంపిస్తాం కదా, అట్ల పంపమన్నాడు బామ్మర్ది. పంపవచ్చు. అయితే దారిలో రెండు నౌకలను జతకలపాలి. మాన్యువల్‌లో అన్నిటికన్నా లావైన అధ్యాయం అదే. ముందున్న నౌకను అందుకోవాలంటే మీరు వేగం తగ్గించండి, అని మొదలవుతుంది.

మా ఆవిడ తీర్పు చెప్పింది. "మాట తప్పను. గది మీదే. కానీ మాయమ్మ అన్నం మానేస్తే నేను చూడలేను. ఆ మనిషిని తెచ్చేదాకా కూర్చోండి. తెచ్చిన మర్నాడు నా మిషను వస్తది."

అప్పటి నుంచి ఆ అధ్యాయాన్ని నేను చాలా శ్రద్ధగా చదివాను. రోజుకొక వాక్యం, మర్నాడు అదే వాక్యం మళ్లీ, ఒకరి ప్రాణంతో పని కాబట్టి. శుక్రవారం పూట అత్తగారు ఫోను చేసేది.

"వచ్చినాడా నాయనా?"

"చదువుతున్నానత్తా."

"బాగా చదువు."

ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం దుకాణం నుంచి లోపలికి వెళ్తే, మా ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని ఆ అధ్యాయమే చదువుతోంది. నేను చూడని పేజీల్లో చాలా దూరం పోయింది.

"నీకెందుకు ఈ శ్రమ?" అన్నాను.

"మీరు తెచ్చేలోపు ఆ పిల్లోడు ముసిలోడైతాడు" అంది తలెత్తకుండా. "నేనే తెస్తా. ఆ నీలం బటన్ ఎక్కడికి మార్చినారో అదొక్కటి చెప్పండి."