దిండు ఎండలో పెట్టిన రోజు

రాజమహేంద్రవరంలో ఒక ఇంటర్ కాలేజీ ఆడపిల్లల హాస్టల్‌కి నేను ఏడేళ్ళు వార్డెన్‌గా చేశాను. నా నోరు మంచిది కాదని పిల్లలే కాదు, వంటమనిషి కూడా చెప్పుకునేది. నిజమే, కాదనను. ఒక్కో గదిలో పన్నెండు మంది, మంచం మీద మంచం, కిటికీకి అడ్డంగా ఆరేసిన చున్నీలు. ఒకరికి జలుబు చేస్తే వారం తిరక్కుండా గదంతా దగ్గేది. అలాంటి చోట నోరు చేసుకోకుండా నెట్టుకురావడం నావల్ల కాలేదు.

ఆ పిల్ల ఫస్టియర్ బైపీసీ. రామచంద్రపురం దగ్గర పల్లె నుంచి వచ్చింది. బక్కపలచగా ఉండేది. నేను ఎంత కసిరినా "సరేనండి మేడమ్" అని నవ్వేసేది. నాకు ఆ పిల్లంటే ఇష్టమని ఎవరికీ తెలియనిచ్చేదాన్ని కాదు.

ఒక శనివారం పొద్దున్నే నా గది గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది.

"మేడమ్ గారండీ, మెడ పట్టేసిందండి. కిందికి వంగట్లేదు. తలకాయ పగిలిపోతోందండి."

నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. "అడ్డదిడ్డంగా పడుకుంటే పట్టెయ్యదేంటి మరి? ఇవాళ పరీక్షుందని నీ మెడకి కూడా తెలిసిపోయిందా?" అన్నాను. వెనకున్న పిల్లలు కిసుక్కుమన్నారు. జ్వరం మాత్ర ఇచ్చి పడుకోమన్నాను. తర్వాత ఆ పిల్ల దిండు తీసుకెళ్ళి మేడ మీద పిట్టగోడపై ఎండలో పెట్టాను. మెడ పట్టేస్తే మా అమ్మ అదే చేసేది, వాళ్ళమ్మా అదే చేసేది. దిండు వేడెక్కితే పట్టు వదులుతుందని మా నమ్మకం. చేయాల్సింది చేసేశానన్న ధీమాతో వంటగదిలోకి వెళ్ళిపోయాను.

పదకొండు గంటలకి ఆ గదిలో పిల్ల ఒకతె వచ్చి, వెలుగు చూడలేకపోతోంది, కిటికీ మూయమంటోంది అని చెప్పింది. "అయితే మూసెయ్యండి, అదీ నేనే రావాలా?" అన్నాను. అన్నాల వేళకి వాంతి చేసుకుందని మళ్ళీ వచ్చారు. అప్పుడు కూడా నేను ముందు మేడ మీదకే వెళ్ళాను. వేడిగా ఉన్న దిండు తెచ్చి తల కింద పెట్టబోతే మెడ కర్రలా బిగుసుకుపోయి ఉంది. కళ్ళు తెరిచి నన్ను చూసి "అమ్మా" అంది. నన్ను వాళ్ళమ్మ అనుకుంది. కాళ్ళ మీద నేరేడు పండు రంగులో మచ్చలు కనపడ్డాయి.

ఆటోలో ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు గారు మెడ వంచబోయి ఆగిపోయారు.

"ఎప్పట్నుంచండీ?"

"పొద్దున్నుంచండి."

"మరి ఇప్పటిదాకా ఏం చేశారు?"

"దిండు ఎండలో పెట్టానండి."

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మెనింజైటిస్ అన్నారు. మెదడు చుట్టూ ఉండే పొరలకి వచ్చే జబ్బట. దగ్గు, తుమ్ము, ఒకరి మొహం మీద ఒకరు ఊపిరి వదులుతూ పడుకోవడం, అంటుకోవడానికి ఇవి చాలట. మర్నాడు సాయంత్రానికి పిల్ల పోయింది. తల్లి వచ్చేసరికి ఊపిరి ఉంది గానీ మాట లేదు.

గదిలో మిగతా పిల్లలందరి చేతా, వాళ్ళకి అంటకుండా, మందుబిళ్ళలు మింగించారు. ఆసుపత్రి పరీక్షలో తేలిన జబ్బు రకానికి టీకా ఉందని, హాస్టల్లో అందరికీ వేయించమని డాక్టరు గారు చెప్పారు. ఆ టీకా గురించి నేను అంతకుముందే విన్నాను. జూన్‌లో హాస్టల్ తెరిచినప్పుడు పిల్లల్ని చూడటానికి వచ్చిన ఒక డాక్టరమ్మ, ఇంత ఇరుకులో ఉండే పిల్లలకి ఇది మంచిదని చెప్పి, తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన కాగితం ఇచ్చి వెళ్ళింది. "టీకా వేస్తే జ్వరాలొస్తాయి, వారం వారం పరీక్షలు పాడవుతాయి. సెలవుల్లో చూద్దాం లెండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు. నేనూ తలూపాను. అంతమందికి ఫోన్లు చేసి ఎవరు నచ్చజెబుతారులే అనుకున్నాను. కాగితం నా బీరువాలోనే ఉండిపోయింది.

"ఆ కాగితం సంగతి ఇప్పుడెందుకులెండి మేడమ్" అన్నారు ప్రిన్సిపాల్ గారు, పిల్ల పోయిన మూడో రోజున. నేను బీరువా తెరవలేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, అబద్ధమెందుకు. అంతకన్నా, ఆ తల్లి ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడాలన్న భయం ఎక్కువ.

టీకాలు వేసే రోజున హాల్లో పిల్లల్ని వరసగా నిలబెట్టాను. ఒక పిల్ల తండ్రి మాత్రం సంతకం పెట్టనంటే పెట్టనన్నాడు. "ఏదన్నా తేడా చేస్తే ఎవరిదండీ బాధ్యత? మా అమ్మాయికి వద్దండి." నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనతో వాదన పెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే, చనిపోయిన పిల్ల తల్లి కూతురి పెట్టె తీసుకెళ్ళడానికి వచ్చింది. ఆవిడ వాళ్ళ ఊరి అంగన్‌వాడీలో ఆయా. పెట్టె చేత్తో పట్టుకుని మా మాటలు వింటూ నిలబడింది.

"ఈ టీకా ఇప్పుడే కొత్తగా వచ్చిందాండి?" అని నన్నడిగింది.

ప్రిన్సిపాల్ గారు గట్టిగా దగ్గారు. ఆవిడ కదలకుండా నిలబడే ఉంది.

"లేదండి. ముందే ఉంది. జూన్‌లోనే మాకు చెప్పారు. మీ సంతకానికి కాగితం కూడా ఇచ్చారు. నేనే పంపలేదండి."

అరుస్తుందనుకున్నాను. చెంప పగలగొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండుననిపించింది. ఆవిడ పెట్టె కింద పెట్టింది.

"మా ఊళ్ళో పసిపిల్లలకి సూదులేయించేది నేనేనండి" అంది మెల్లగా. "ఇల్లిల్లూ తిరిగి, వద్దన్నోళ్ళని కాళ్ళావేళ్ళా పడి తీసుకెళ్తాను. నా పిల్లకి ఒక్కటి తప్పనివ్వలేదండి. కార్డు ఇప్పటికీ దాచాను."

తర్వాత ఆ తండ్రి వైపు తిరిగి "ఏయించండి బాబు" అంది. ఆయన నా చేతిలో కలం తీసుకుని సంతకం పెట్టాడు.

ఆవిడ పెట్టె ఎత్తుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగి నన్ను చూసింది.

"ఒక్క ఫోను చేస్తే ఆ రోజే బస్సెక్కి వచ్చి సంతకం పెట్టేదాన్ని కదండీ" అంది.