మాల్యాద్రి ఎడమ బుగ్గ

ఉదయగిరి సన్నాయి మాల్యాద్రి ఎన్ని పెళ్ళిళ్ళలో ఊదాడో లెక్కలేదు గాని, ఒక్క పెళ్ళివారైనా ఆయన్ని ఫోటోలో నిలబెట్టలేదు. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం కావాలి, ఫోటో తీసేటప్పుడు మేళగాళ్ళు పక్కకు జరగాలి! ఏం మర్యాదో! పందొమ్మిది వందల యాభై ఒకటిలో ఆయన పోయాడు. సరస్వతీ పూజ దగ్గరపడింది, ఆయన సన్నాయి వెనక పెట్టడానికి పటమే లేదు.

కూతురు రాఘవమ్మ ఆత్మకూరు కోడలు, ఉడుంపట్టు మనిషి. "పటం లేకపోతే నేనే అతికిస్తా" అంది. బట్టల కొట్టు వరలక్ష్మమ్మను అడిగి తానుల మీది రంగు కాగితాలు తెచ్చింది. బీడీకట్టల కాగితంతో ముఖం, చిరిగిన గొడుగు గుడ్డతో సన్నాయి అతికింది. మైదా బంకలో నాని వేళ్ళు పాచిపోయాయి. పిల్లకాయల ఆట అని మొగుడు నవ్వాడు. నవ్వనీ, నవ్విన నాపచేనే పండుతుంది!

పటం తీసుకుని సిద్ధయ్య దగ్గరికి వెళ్ళింది. ముప్పై ఏళ్ళు నాయన పక్కన డోలు వాయించినవాడు. కళ్ళకు పొరలు కమ్ముతున్నాయి. ఆయన పటాన్ని ఎండకు పట్టి చూశాడు.

"ఎవురమ్మా ఈయన?"

రాఘవమ్మ పటం మీద వేలు పెట్టింది. "నాయన, చిన్నాయనా!"

"ఇంట్లో అన్నం తినే మాల్యాద్రి ఇట్టా ఉంటాడేమో. ఊదేటప్పుడు ఎడమ బుగ్గ ఒక్కటే నిమ్మకాయంత లేస్తాది. నువ్వు చూసిందెప్పుడు?"

నిజమే. నాయన సాధకమంతా ఇంట్లో కాదు, కొండ కింద. ఊరేగింపులో ఆడవాళ్ళకు కనిపించేది మేళగాళ్ళ వీపులే. కన్నతండ్రి ముఖం సగమే తెలుసునా తనకు? ఏడుపు ముంచుకొచ్చింది, మింగేసింది.

నీళ్ళతో నానబెట్టి బుగ్గ ఊడదీసింది. మళ్ళీ అతికింది. మూడుసార్లు తెచ్చింది, మూడుసార్లూ సిద్ధయ్య తల అడ్డంగా ఊపాడు. నాలుగోసారి పటం ఎండకు పట్టనేలేదు.

"నాకింక అగపడదమ్మా. వదిలెయ్."

"వదల్ను. కళ్ళు పోతే వేళ్ళు లేవా?"

ఇంటికొచ్చి బుగ్గ కింద దూది కూరింది. పొర మీద పొర వేసి సన్నాయిని చేతికి తగిలేలా లేపింది. పూజనాడు పొద్దున్నే తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టింది.

కాయలు కాసిన వేళ్ళు నుదురు తడిమాయి, ముక్కు దిగాయి, ఎడమ బుగ్గ మీద ఆగిపోయాయి. కాసేపటికి రెండో చెయ్యి తొడ మీద తాళం మొదలుపెట్టింది.

"మాల్యాద్రీ, సన్నాయి దించరా. ఊపిరి తీసుకో. అందాకా నేను వాయిస్తా ఉంటాలే" అన్నాడు సిద్ధయ్య.

అప్పుడు ఏడ్చింది రాఘవమ్మ, గొంతెత్తి.