స్కై దేఖ్

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే దారిలో కొత్తగా ఒక టవరు లేచింది. దాని గేటు మీద తెలుగులో పెద్ద బోర్డు పెట్టారు. నాకు అక్షరాలు వచ్చింది కోడళ్ళు వచ్చాక. అందుకే ఇప్పటికీ కనబడిన బోర్డునల్లా పైకి చదవకుండా ఉండలేను. ఆటోలో పక్కన కూర్చున్న ఆపాకు దాన్నీ చదివి వినిపించాను: స్కై డెక్.

ఆపా మా పక్కింటి మనిషి. ఇద్దరం ఒకే గోడకు పిడకలు కొట్టినవాళ్ళం. ఆమెకు అక్షరాలు రావు, నాకు ఉర్దూ రాదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి చదువు. స్కై అంటే ఆకాశమని మనవరాలి పుస్తకంలో చూశాను. డెక్ మాత్రం తెలియలేదు.

"దేఖ్ అంటే సూడుమని," అంది ఆపా. "రాసినోనికి ఉర్దూ రాదు, గంతే."

ఆకాశం చూడాలంటే వాకిట్లో మంచం వాల్చుకుంటే చాలదా అన్నాను. అందుకు కాదట. ఆదివారాలు అందరినీ ఊరికే పైకి ఎక్కనిస్తున్నారని, అక్కడి నుంచి గాజులరామారం కనబడుతుందని అల్లుడు చెప్పాడట. నెలాఖరుకు ఆపా ఇల్లు ఖాళీ చేసి, గాజులరామారంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఎంత దూరమో ఒకసారి కళ్ళతో చూసి వెళ్తానంది. నేను రాకపోతే తానూ పోదట. అక్కడ బోర్డులు ఎవరు చదువుతారు?

నాకు లిఫ్టంటే భయం. అంతకంటే ఎక్కువగా, ఆ దూరం చూడాలని లేదు. రెండూ చెప్పలేక నెపం బర్రె మీద పెట్టాను. పాలు పిండే వేళవుతుందన్నాను.

"బర్రెను గూడ తోలుకరా. అది గూడ సూస్తది."

మోకాళ్ళ నొప్పులన్నాను. లిఫ్టు ఎక్కడానికి మోకాళ్ళెందుకంది. మబ్బు పట్టిందన్నాను. మబ్బు కూడా ఆకాశంలోదే కదా అంది. ఆదివారం పొద్దున బుర్ఖా ఇస్త్రీ చేయించుకుని మా గడపలో నిలబడింది. ఇస్త్రీ చేయించుకుని వచ్చిన మనిషిని వెనక్కి ఎలా పంపను? వెళ్ళాను.

లిఫ్టు కదలగానే కళ్ళు మూసుకున్నాను. అది ఆగి, బయట మొహానికి గాలి కొడుతున్నా తెరవలేదు. ఆపా నా చెయ్యి పట్టుకుని రెయిలింగ్ దాకా నడిపించింది.

"బోర్డు నువ్వే సదివితివి గద, చెల్లె. దేఖ్ అని రాసిండ్రు. కండ్లు మూసుకోమని రాయలే."

ఒక కన్ను తెరిచాను. ఆపా దూరాన మెరుస్తున్న నీళ్ళ వైపు వేలు చూపించి, అదే కూతురుండే చోటు, ఎంత దగ్గరో చూడమంటోంది. నా చేతి కింద రెయిలింగ్‌కు చిన్న రేకు బిగించి ఉంది. అలవాటు కదా, చదివేశాను. శామీర్‌పేట చెరువు.

"ఆపా, నీ బిడ్డ చెరువుల ఉంటదా ఏంది?"

ఆపా చెయ్యి వదలకుండా, రేకులు ఒక్కొక్కటే చదువుకుంటూ ఆమెను రెండో వైపుకు లాక్కెళ్ళాను. గాజులరామారం అన్న రేకు దొరికేసరికి నా రెండు కళ్ళూ తెరుచుకునే ఉన్నాయి. అటు అన్నీ డాబాలు, వాటి వెనక దుమ్ము. ఆపా చాలాసేపు చూసి, నీకు కనబడుతోందా అని నన్నడిగింది.

రాసి పెట్టారు కదా, అక్కడే ఉంటుందన్నాను. బస్సు బోర్డు కూడా చదవగలను, నువ్వు వెళ్ళిన మొదటి శుక్రవారమే వస్తానన్నాను.

దిగేటప్పుడు లిఫ్టులో కళ్ళు మూసుకున్నది ఆపా.