నాయన చలిజ్వరం, తొలకరి వాన

మొన్న మా మనవరాలు గొంతునొప్పి తగ్గగానే మిగిలిన మాత్రలు డ్రాయరులో పడేసి, బాగానే ఉన్నానుగా అమ్మమ్మా అంటూ కాలేజీకి వెళ్ళిపోయింది. ఆ మాటకు ముదిగుబ్బ దగ్గరి మా పల్లె, మా నాయన చలిజ్వరం గుర్తొచ్చి, ఆ పూట వంట మీద మనసు నిలవలేదు.

మన ఈడువాళ్ళకు ఆ జ్వరం సంగతి చెప్పనక్కరలేదు, దినం విడిచి దినం వచ్చేది, ఎన్ని కంబళ్ళు కప్పినా మంచం గడగడలాడేది. మా అవ్వకు, అంటే నాయన తల్లికి, జ్వరాన్ని మోసం చేయవచ్చునని గట్టి నమ్మకం. వంతు దినాన నాయనను గొర్రెల దొడ్డిలో దాచి, గుమ్మంలో నిలబడి, వాడు ఈడ లేడప్పా, గోరంట్లకు పోయినాడు అని వీధంతా వినబడేటట్టు చెప్పేది. జ్వరం మాత్రం నేరుగా దొడ్డిలోకే వెళ్ళేది.

ఒక ఏడు, మలేరియా ఆఫీసులో పనిచేసే సాయిబు మామ, మా మేనమామ స్నేహితుడు, వచ్చి మాత్రలిచ్చాడు. వణుకు ఆగింది. ఆగాక మింగమని విడిగా ఇచ్చిన చిన్న మాత్రలను అవ్వ ఉట్టిలో దాచేసింది, పాపం, ఇంకెవరికైనా జ్వరమొస్తే పనికొస్తాయని. మరుసటి ఏడు తొలకరి పడి చేను పదునుకొచ్చిన రోజున, విత్తనాలు వేసే గొర్రుకు ఎద్దులను కట్టిన నాయన గట్టు మీదే వణుకుతూ కూలబడ్డాడు. మా సీమలో వాన మళ్ళీ వస్తుందని ఎవరు చెప్పగలరు? పదును ఆరిపోయింది, చేను బీడు పడింది, గొర్రెలమ్ముకుని తిన్నాం. ఇంకో ఏడు ఇట్లాగే అయితే చేను కూడా అమ్ముకోవడమేనని పెద్దవాళ్ళు అనుకుంటుంటే విన్నాను.

ఉట్టిలో దాచిన సంగతి తెలిసి సాయిబు మామ ఈసారి మాత్రలు అవ్వ చేతికివ్వలేదు, రోజూ సైకిలు మీద వచ్చి ఎదుట నిలబడి నాయన చేత మింగించాడు. జ్వరం పోయినాక మాత్రలేంటికప్పా అని అవ్వ గొణిగింది.

"తుంగను పైపైన కోసినారమ్మా, గడ్డ లోపలే ఉండాది. వాన పడితే మళ్ళా మొలుస్తాది" అన్నాడాయన.

సేద్యం చేసే మనిషి కదా, మరునాటి నుంచి అవ్వే చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడేది.

మళ్ళీ తొలకరి వచ్చింది. అమ్మ పొద్దున్నే నాయన నుదురు తడిమింది, సద్ది తీసుకుపోయి చేలో మళ్ళీ తడిమింది. "బాగనే ఉండానే, నన్ను విత్తనీ" అని ఆయన విసుక్కున్నాడు. చేనంతా విత్తడమయ్యాక అమ్మ గట్టు మీద కూర్చుని ఏడ్చింది. భయం తీరిన ఏడుపది, అంత నెమ్మది మా ఇంట్లో అంతకు ముందు చూడలేదు.

ఆ జ్వరం నాయనకు మళ్ళీ రాలేదు. అయినా బతికినన్నాళ్ళూ అమ్మ ప్రతి తొలకరికీ ఆయన నుదురు తడిమి చూస్తూనే ఉండేది. ఇప్పుడు మొదటి వాన పడితే మా పిల్లలు డాబా ఎక్కి తడుస్తారు. చూస్తుంటే హాయిగా ఉంటుంది, అమ్మ కూడా ఒక్క ఏడైనా ఇట్లా భయం లేకుండా తడిసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.