కొత్త పిస్టనుకు నూనె

తెలంగాణ వచ్చిన కొత్తలో నేనూ కొత్తవాణ్ణే, అంటే కొత్తగా రిటైరైనవాణ్ణి. అరవైకి దగ్గరపడ్డ ఆ వయసును యవ్వనం అంటే మీరు నవ్వుతారు గాని, ఉద్యోగం వదిలిన మొదటి ఏడాది మనిషికి పాతికేళ్లు రెండోసారి వస్తాయి (నా డైరీలో ఆ ఏడాది చేతిరాత కూడా కాస్త పొగరుగానే ఉంటుంది). నల్లగొండలో ఒక ఆఫీసు రికార్డు గదిలో బతుకంతా ఫైళ్లు సర్దినవాడికి ఒక్కసారిగా సర్దడానికి ఏమీ మిగలకపోతే చేతులు ఊరుకోవు. అందుకే మామగారు నడిపి నడిపి చివరికి కూతురికిచ్చిపోయిన పాత స్కూటరు ఇంజను విప్పించి, సిలిండరు బోరు చేయించి, కొత్త పిస్టను వేయించాను. దీనికి ఇంకో కారణం మా బావమరిది. మర్రిగూడ దగ్గర, నా భార్య పుట్టింట్లో ఉండే అతను, అది బండి కాదు ఇనుప సామాను, పాత సామాన్లవాడికి వేసి ప్లాస్టిక్ బకెట్లు తెచ్చుకోమని అక్కతో ఫోనులో అన్నాడు. నా భార్యకు రోషం వచ్చింది. “ఒడిబియ్యానికి నాయిన బండి మీదనే వస్త. మన వాకిట్లకు తనంతట తాను రాకపోతే, దాన్ని అమ్మి గా బకెట్లు నువ్వే తెచ్చుకో తమ్మీ” అనేసింది.

అది పెట్రోలులో నూనె కలిపి పోసే రకం స్కూటరు. అందరూ చాచా అని పిలిచే మెకానిక్కు, కొత్త పిస్టను కుదురుకునేదాకా టూటీ ఆయిల్ జర ఎక్కువ పోయాలన్నాడు. ఏ కంపెనీది అని అడిగితే “ఏదైనా మంచిదే సార్” అన్నాడు. నాలాంటివాడికి ఇంతకన్నా భయంకరమైన జవాబు ఉండదు. మూడు రకాల డబ్బాలు కొనితెచ్చి, స్టీలు పళ్లేన్ని గోడకు వాల్చి, ఒక్కో చుక్క వేసి, ఏది ఎంత నిదానంగా జారుతుందో కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఒకటి జీతం రోజు గుమస్తాలా పరుగెత్తింది. ఒకటి భోజనమయ్యాక గుమస్తాలా కదలనే లేదు. మధ్యదాన్ని ఖాయం చేశాను. “పిల్లకు సంబంధాలు జూసినప్పుడు గూడ గింత ఆలోచన చెయ్యలేదు మీరు” అంది నా భార్య, పళ్లేన్ని బూడిదతో తోముతూ.

నూనె ఎంపికైతే అంత పద్ధతిగా జరిగింది. పోయడమే పద్ధతి తప్పింది. చాచా బండి ఇచ్చేటప్పుడే ఎక్కువ పోశాడు. అది తెలియక నేను ఇంటికొచ్చి మరికాస్త పోశాను. ప్రయాణం రోజు పొద్దున నా భార్య ట్యాంకు మూత తీసి లోపలికి చూసింది. పైన నూనె తేలడం లేదు. వాళ్లింట్లో తొక్కు జాడీ మీద నూనె తేలకపోతే బూజు పడుతుందని నమ్మకం. తేలేదాకా పోద్దామనుకుంది. పెట్రోలులో నూనె కలిసిపోతుంది గాని తేలదు కదా, డబ్బా ఖాళీ అయింది. ముగ్గురిలో ఏ ఒక్కరూ మిగతావాళ్లకు చెప్పలేదు.

వెనక పొగతో, మధ్యలో ఆగి ప్లగ్గు తుడుచుకుంటూ, ఎలాగో ఊరి మొదట్లోకి వచ్చాం. అక్కడ బండి మళ్లీ ఆగిపోయింది. తోసుకుంటూ పోదామా అన్నాను. తోస్తే వచ్చినట్టు కాదంది. మళ్లీ ప్లగ్గు తుడిచి కిక్కు కొట్టాను. ఇంజను అందుకుంది, మింగిన నూనెనంతా ఒకేసారి వదిలింది. వీధి కనిపించలేదు. పంచాయతీవాళ్లు దోమల మందు కొట్టే మిషను పంపారనుకుని జనం తలుపులు బార్లా తెరిచారు. ఒక ముసలమ్మ అడ్డం నిలబడి, మురుగు కాలువ వైపు చెయ్యి చూపిస్తూ “మోరీ కాడ జర ఎక్కువ కొట్టు బిడ్డా, దోమలు పీక్క తింటున్నయ్” అంది. నేను సంగతి చెప్పబోతే నా భార్య వెనకనుంచి గిల్లింది. “ఆపకుండ్రి. ఆపితే మళ్ల షురూ గాదు.”

మోరీ వెంట పోయాను. ఆ గల్లీకి కొట్టి మా గల్లీకి ఎందుకు కొట్టవని పక్కవాళ్లు చేతులు చాపితే అటూ తిరిగాను. రిటైరయ్యాక నా సేవ ఇంతమందికి అవసరం పడటం అదే మొదలు. చివరికి బావమరిది వాకిట్లోకి మళ్లించాను. అతను తువ్వాల ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుతూ వచ్చి, “ఎవలయ్యా, ఇంట్లకు కొట్టొద్దు” అన్నాడు.

“నాయిన బండి తమ్మీ” అంది నా భార్య పొగలోంచి.

అతను తడుముకుంటూ వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. కళ్లలో నీళ్లు పొగవల్లనా అని మేము అడగలేదు, బకెట్ల మాట అతనూ ఎత్తలేదు.

ఇప్పుడు నా మోకాళ్లు కిక్కు కొట్టనివ్వవు, బస్సులోనే పోతున్నాం. ఆ ఊరి స్టాపులో దిగినప్పుడల్లా, వెనక భార్యను కూర్చోబెట్టుకుని మోరీల వెంట అంత గంభీరంగా పొగపెట్టుకుంటూ పోయిన ఆ కుర్ర రిటైర్డు గుమస్తా గుర్తొస్తాడు. పిచ్చివాడు, ఎంత వయసులో ఉన్నాడో అప్పుడు.