ఖలాస్ అని రాసిన క్యాసెట్టు

బహ్రెయిన్‌లో ఒకప్పుడు తెలుగు పంక్ బ్యాండ్ ఉండేదంటే ఎవరూ నమ్మరు. ఉండేది. 2003లో పుట్టి పదకొండు నెలలు బతికింది. పేరు ఖలాస్. పని ముగిసినా, నీళ్లు అయిపోయినా, ఉద్యోగం పోయినా అక్కడ అందరి నోటా వచ్చే మాట అదే.

పెట్టినవాడు కాలేబు. అప్పటికి పదిహేడేళ్లు. ఏసీ మెకానిక్ అయిన నాన్న జీవరాజుతో రిఫాలో మూడో అంతస్తు ఫ్లాటులో ఉండేవాడు. గిటారు మీద మూడు కార్డులు పట్టడం వచ్చు, కేకలే పాటలైన పంక్‌కి అవి చాలు. స్నేహితుడు థామస్ డ్రమ్ము వాయించేవాడు. ఆరాధన పాటలు ప్రాక్టీసు చేస్తామని చెప్పి తెలుగు ఫెలోషిప్ నుంచి తెచ్చిన డ్రమ్ము అది. వాళ్ల పాటల్లో గొప్పది ‘కఫీల్ గారూ’. వీసా ఇచ్చిన యజమాని మీద ఒకటిన్నర నిమిషం కేకలు: నా పాస్‌పోర్టు నీ బీరువాలో, నా నిద్ర నీ బీరువాలో. ఫెలోషిప్ క్రిస్మస్‌లో అది వాయిస్తే పెద్దలందరూ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారట. రెండో ప్రోగ్రాం బుసైతీన్‌లో ఒక పాప పుట్టినరోజు. మూడోది మనామాలో పోటీ. దానికి ముందుగా పాటలు రికార్డు చేసి పంపమన్నారు.

కాలేబు తల్లి జీవమ్మ బహ్రెయిన్‌లో ఎప్పుడూ అడుగు పెట్టలేదు. రాజోలులో ఉండి, కోళ్లకి గింజలు వేస్తూ, ఉత్తరానికి బదులు క్యాసెట్టులో మాట్లాడి, వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేది. కాలేబుకి తొమ్మిదేళ్లప్పుడు ఆమె పోయింది. ఆ తర్వాతే జీవరాజు కొడుకుని తెచ్చుకున్నాడు. ఆమె క్యాసెట్టుల్లో ఒక్కటే మిగిలింది. ప్రతి శుక్రవారం ఆరాధన నుంచి రాగానే జీవరాజు అది పెట్టుకుని వినేవాడు. కాలేబు మాత్రం పక్కగదిలోకి వెళ్లిపోయేవాడు. ఎప్పుడో ఒకరోజు మొదటినుంచీ కూర్చుని విందాంలే అనుకుంటూ ఉండేవాడు.

రికార్డింగు గురువారం మధ్యాహ్నం, జీవరాజు డ్యూటీలో ఉండగా. కొత్త క్యాసెట్టు లేదు. పాత ప్రసంగాల క్యాసెట్టుకి, మళ్లీ రికార్డు కాకుండా అంచున విరిచిన చిల్లులకి స్టిక్కరు అంటించి దానిమీదే రికార్డు చేయడం వాళ్లకి అలవాటు. టేప్‌రికార్డరు మీద బాల్‌పెన్నుతో ‘ఖలాస్’ అని రాసిన క్యాసెట్టు థామస్‌కి కనిపించింది. బ్యాండ్ కోసం కాలేబే సిద్ధం చేశాడనుకుని, దాన్నే పెట్టి రికార్డు బటన్ నొక్కాడు. కాలేబు అటు తిరిగి గిటారు శ్రుతి చేసుకుంటున్నాడు.

ఆ రాత జీవరాజుది. రెండు వైపులా నిండిపోయింది, ఇక ఖాళీ లేదని రాసుకున్నాడు.

మర్నాడు జీవరాజు బటన్ నొక్కగానే “ఒకటి, రెండు, మూడు” అని కొడుకు కేక వచ్చింది. క్యాసెట్టు తీసి పేరు చూసి, మళ్లీ పెట్టాడు. ఆపలేదు. ఇరవై రెండు నిమిషాలు డ్రమ్ము, గిటారు, కఫీల్. ఏం జరిగిందో అర్థమై కాలేబు గుమ్మంలోనే నిలబడిపోయాడు. చివరికి టక్కుమని, వెనకే జీవమ్మ గొంతు వచ్చింది.

“...వాడికి జ్వరం తగ్గిందండీ. మీ దగ్గర అయిపోతే ఖలాస్ అంటారంట గదా? నాకింకా అవ్వలేదు. రెండోవైపు తిప్పండి.”

కాలేబు అడిగాడు: “ముందేముంది నాన్నా?”

జీవరాజు చెప్పబోయి ఆగాడు. “మాటలన్నీ గుర్తున్నాయిరా. మీ అమ్మ గొంతే రావట్లేదు.”

పోటీకి ఏమీ పంపలేదు. డ్రమ్ము ఫెలోషిప్‌కి తిరిగి వెళ్లింది. ఖలాస్ కథ అంతే. కాలేబు ఇప్పుడు నాన్నతోపాటు ఏసీలు బాగుచేస్తున్నాడు. గిటారు మంచం కింద ఉంది.

జీవరాజు మాత్రం ఇప్పటికీ శుక్రవారం మొదటినుంచే వింటాడు, పాటలతో సహా. ఒకసారి కాలేబు ముందుకి తిప్పబోతే చెయ్యి పట్టుకున్నాడు.

“ఉంచరా. ఆ గోల కిందే ఉంది మీ అమ్మ.”

రెండో పాట అయ్యాక, మూడోదానికి లెక్క మొదలుపెట్టే ముందు ఎవరూ వాయించని నాలుగు సెకన్లున్నాయి. అక్కడ కాలేబు స్పీకరుకి చెవి ఆనించి కూర్చుంటాడు. పోయిన నెల అందులో సన్నగా కోడి అరిచిందని థామస్‌తో అన్నాడు. రిఫాలో, మూడో అంతస్తులో కోడి ఎక్కడిది?

నాన్నకి చెప్పలేదు. చెబితే ఆ చోటే మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పుతాడు, టేపు అరిగిపోతుంది.