పదకొండు వందల పేజీల సాక్ష్యం

ఆ పుస్తకాన్ని ఇంటికి తెచ్చిన రోజు ఎలిజబెత్ దాన్ని చదవలేదు, తూకం వేయించింది. ఉప్పల్‌లో వాళ్ల గల్లీ మొదట్లో ఉన్న కిరాణా కొట్టు దగ్గర, కందిపప్పు కోసం నిలబడ్డ ఇద్దరిని పక్కకు జరగమని, సంచిలోంచి తీసి కాంటా మీద పెట్టించింది. కిలో మూడు వందల గ్రాములు. తన బైబిల్ కన్నా బరువుందని తెలిసి కొంచెం నొచ్చుకుంది కూడా.

ఇంట్లో మనవరాలు జెన్నిఫర్ ఆ పుస్తకాన్ని రెండు చేతులతో ఎత్తి చూసింది. జెన్నిఫర్ టెన్త్‌లో లెక్కలు తప్పి ఇంట్లోనే ఉంటోంది. ఖాళీగా ఉన్న నోరు కదా, ఊరుకోదు.

"అమ్మమ్మ, ఇది సదువుతందుకు తెచ్చినవా, అమ్ముతందుకు తెచ్చినవా?"

"సదువుతందుకే. క్రిస్మస్ లోపల అయిపోవాలె."

"ఏ క్రిస్మస్?"

ఎలిజబెత్ నాచారంలో ఒక ప్రైవేటు బడిలో పదకొండేళ్లుగా ఆయమ్మ. పొద్దున బాత్రూములు కడగాలి, మధ్యాహ్నం పిల్లల తిండి చూడాలి, సాయంత్రం గదులు ఊడవాలి. ఈ మధ్య మోకాళ్లు మాట వినడం లేదు. అయితే ఆమె మనసు ఉన్నది పై అంతస్తులో, ఎప్పుడూ తాళం వేసి ఉండే లైబ్రరీ గదిలో. అడ్మిషన్ల కాలంలో తల్లిదండ్రులకు చూపించడానికి దాన్ని తెరుస్తారు. అంతకు ముందురోజు దుమ్ము దులపడానికి ఆమెను పంపుతారు. గంటలో అయ్యే పనికి ఆమె పూట పట్టించేది. ఒక్కొక్క పుస్తకం వీపు తుడుస్తూ, దాని పేరు కూడబలుక్కుంటూ నిలబడేది.

ఆ ఏడు వేసవిలో లైబ్రరీ టీచరు పని మానేసింది. జూన్‌లో బడి తెరవగానే ఎలిజబెత్ తిన్నగా కరస్పాండెంట్ అచ్యుతరావు గదిలోకి వెళ్లింది. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి ఈ బడి పెట్టిన మనిషి. మంచివాడే, కానీ ప్రతి మాటా హాస్యంలోకి తిప్పితే తప్ప తోచదు.

"సార్, లైబ్రరీ తాళాలు నాకియ్యున్రి. పిల్లలకు పుస్తకాలు నేనిస్త, నేనే తీసుకుంట."

"అవన్నీ ఇంగ్లీషు పుస్తకాలు ఆయమ్మా."

"ఇంగ్లీషు సదువొస్తది సార్."

ఆయన పక్కనున్న టీచర్ల వైపు చూసి నవ్వాడు. "సరే. ఆ బీరువాల్లోంచి నీకిష్టమైన పుస్తకం ఒకటి తీసుకో. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివి, అందులో ఏముందో నాకు చెప్పు. క్రిస్మస్ సెలవుల్లోపు చెప్పావంటే తాళాలు నీకు, బాత్రూములు ఇంకొకరికి."

టీచర్లు నవ్వారు. ఎలిజబెత్ నవ్వలేదు. "మాటేనా సార్?" అని అడిగి, "మాటే" అనిపించుకుని బయటికి వచ్చింది.

ఆమె ఇంగ్లీషు సంగతి వేరే చెప్పాలి. మెదక్ వైపు పల్లెలో ఐదో తరగతి దాకా చదివిన పిల్ల. పెళ్లయి ఉప్పల్‌కు వచ్చాక ఎవరో ఇంగ్లీషు బైబిల్ ఇస్తే, ఎడమ పక్క తెలుగుది, కుడి పక్క ఇంగ్లీషుది తెరిచి పెట్టుకుని, ఇక్కడో వాక్యం అక్కడో వాక్యం చొప్పున పన్నెండేళ్లలో రెండుసార్లు చదివింది. అందుకని ఆమెకు మిడతను ఇంగ్లీషులో ఏమంటారో తెలుసు, దోమను ఏమంటారో తెలియదు. ఉప్పల్‌లో మిడతలు లేవనీ దోమలే ఉన్నాయనీ జెన్నిఫర్ ఎన్నిసార్లు గుర్తుచేసినా ఆమె పట్టించుకోలేదు.

సన్నటి పిల్లల కథల పుస్తకం తెచ్చుకుంటే వారంలో తాళాలు చేతికొచ్చేవి. కానీ బీరువా తెరవగానే ఒక తెల్ల మీసాల పెద్దాయన అట్ట మీద నుంచి సూటిగా ఆమెనే చూశాడు. పేరు కింద 'నా జీవితం, నా మాటల్లో' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలున్నాయి. వెనక అట్ట మీద, లక్షల మందిని ఆకాశాలకు తీసుకెళ్లిన మనిషి అని ఉంది. ఆకాశాలు అన్న మాట ఆమెకు బైబిల్ మొదటి వాక్యంలోనే పరిచయం. ఇంకేముంది, ఎవరో పెద్ద పాస్టరుగారు తన సాక్ష్యం రాసుకున్నారని తేల్చేసింది.

సాక్ష్యం అంటే వాళ్ల చర్చిలో ఆదివారం ఎవరో ఒకరు లేచి తన బతుకు చెప్పుకోవడం. ముందు ఎలా ఉండేవాణ్ణి, ప్రభువు నన్ను ఎక్కడ పట్టుకున్నాడు, ఇప్పుడు ఎలా ఉన్నాను. చెప్పేవాళ్లు మారతారు, వరస మారదు.

జెన్నిఫర్ వేళ్ల మీద లెక్క కట్టి, రోజుకు ఆరు పేజీలు చదివితే సరిపోతుందంది. టెన్త్ పరీక్షలో రాని లెక్క అప్పుడు వచ్చింది. పుస్తకానికి పేపరు అట్ట వేశారు, గుర్తుకు పాత చీర అంచు పెట్టారు. ఎలిజబెత్ ఉప్పల్ చౌరస్తాలో షేర్ ఆటో నిండేదాకా రెండు పేజీలు, బడిలో పిల్లలు తిన్నాక వరండాలో రెండు, ఇంటికొచ్చి కూర పొయ్యి మీద ఉడికేలోపు రెండు చదివేది. తెలియని మాట కోసం జెన్నిఫర్ పాత డిక్షనరీ చూసేది. దానికి మొదటి పేజీలు చిరిగిపోయి 'బి' నుంచి మొదలవుతుంది, కాబట్టి 'ఎ'తో మొదలయ్యే మాటలన్నీ ఊహించుకోవాల్సిందే.

నెల తిరగకముందే జెన్నిఫర్ వెనక అట్ట మొత్తం చదివేసి, వంటింటి గడపలో నిలబడి ఆ వార్త చెప్పింది.

"అమ్మమ్మ, ఈయన పాస్టర్ గాదు. కథలు రాసెటోడు. రాకెట్లు, వేరే గ్రహాల మీద మనుషులు, మాట్లాడె మిషన్లు. ఆకాశమంటే మనం ఆరేసిన బట్టల మీద కనపడ్తది సూడు, గా ఆకాశమే."

ఎలిజబెత్ కోస్తున్న ఉల్లిగడ్డ ముగించి ఇంకోటి అందుకుంది. "మొదట్ల అందరు గట్లనే ఉంటరు," అంది. "ప్రభువు ఇంక ముందున్నడు."

పెద్దాయన బతుకు సాగుతూనే ఉంది. ఆయన తల్లి పది ఇళ్లలో బట్టలుతికి కొడుకును చదివించింది. పంతొమ్మిదో ఏట మొదలుపెట్టి ఆయన పంపిన కథలు ముప్పై ఏడుసార్లు తిరిగొచ్చాయి. వద్దని పత్రికలవాళ్లు రాసిన కాగితాలన్నీ స్నానాల గది గోడకు అంటించుకున్నాడు. పేరొచ్చాక తల్లిని చూడడానికి వెళ్లడం తగ్గించాడు, అదీ రాసుకున్నాడు. మొదటి భార్యను ఒక ఉత్తరం ముక్కతో వదిలేశాడు. ఆ రోజు ఎలిజబెత్ ఆటోలో, "మంచి పని జెయ్యలే నువ్వు," అని పైకే అంది. డ్రైవరు బ్రేకు వేసి, "నేనేం జేసిన అమ్మా?" అన్నాడు.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, బడి మూతపడింది. తెలంగాణ కోసం ఎవరికి చేతనైంది వాళ్లు చేశారు. ఎలిజబెత్ అప్పటిదాకా వెనకబడ్డవి కూడా కలిపి నాలుగు వందల పేజీలు చదివింది.

బడి మళ్లీ తెరుచుకున్న వారమే ఏడు వందల పన్నెండో పేజీ వచ్చింది. దేవుడున్నాడని తాను ఎన్నడూ నమ్మలేదనీ, నమ్మే అవసరం రాలేదనీ ఆ పెద్దాయన తాపీగా రాసుకున్నాడు. మూడుసార్లు చదివింది. అచ్చు తప్పేమోనని వెలుతురులో పెట్టి కూడా చూసింది. తర్వాత పుస్తకం మూసి, బియ్యం డబ్బా మీద పెట్టి, రెండు రోజులు దాని వైపు వెళ్లలేదు.

"ఇగ ఇడ్సిపెట్టు అమ్మమ్మ," అంది జెన్నిఫర్, ఈసారి నవ్వకుండా. "ఇంక దగ్గర దగ్గర రెండు నెలలున్నయి. సన్నది తెచ్చుకో, తాళాలు తీసుకో. సార్ ఏ పుస్తకమైన పర్వాలేదన్నడు గద."

ఎలిజబెత్ ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ జీవన్ కుమార్ దగ్గర ఆగి సంగతంతా చెప్పింది.

"దేవుడు లేడనే మనిషి మాట నీకెందుకమ్మా? పక్కన పెట్టెయ్," అన్నాడాయన.

"పోయిన నెల కొమురెల్లి సాక్ష్యం జెప్పిండు గద అయ్యగారు. యాభై నిమిషాలు తాగిన ముచ్చట్లే జెప్పిండు. ఏ కల్లు కాంపౌండ్ల ఏం దొరుకుతదో మాకందరికి తెల్సిపోయింది. ప్రభువు ముచ్చట చివరి ఐదు నిమిషాలే. నడిమిట్ల మీరు కూసోమన్నరా?"

"అనలేదు."

"మరి ఈయననెట్ల కూసోమంటం?"

పాస్టరు గారికి నవ్వొచ్చింది. "ఇంకా ఎన్ని పేజీలమ్మా?"

"నాలుగు వందలు."

"సరే, ప్రార్థన చేస్తాను."

"ఆయన కోసమా అయ్యగారు?"

"నీ కళ్ల కోసం."

ఆ సాయంత్రమే చీర అంచు మళ్లీ కదలడం మొదలైంది. రోజుకు ఆరు చాలలేదు, ఎనిమిదికి పెంచింది. డిసెంబరు రెండో వారంలో, జెన్నిఫర్ పక్కన కూర్చుని చూస్తుండగా, కథ చివరి పేజీ చదివింది. పెద్దాయనకు చెయ్యి వణుకుతోంది, కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నాడు, రేపు పొద్దున ఇంకో కథ మొదలుపెట్టాలి అనుకున్నాడు. అంతే. ప్రభువు రాలేదు.

"అయిపోయింది గద," అంది జెన్నిఫర్.

"కాలే. సార్ ఆఖరి పేజీ దాక అన్నడు."

వెనక ఇరవై ఆరు పేజీల పట్టిక ఉంది. పేర్లు, పక్కన పేజీల నంబర్లు. బైబిల్‌లో వంశావళులన్నీ దాటుకుని వచ్చిన మనిషికి అదొక లెక్కా? వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదివింది. 'జి' దగ్గర దేవుడు అన్న మాట కనపడగానే వేలు ఆగింది. పక్కన నాలుగు నంబర్లు. ఆశగా నాలుగూ తిరగేసింది. నాలుగూ చదివినవే. ఇంకా కిందికి వెళ్తే అమ్మ అన్న మాట. దాని పక్కన నంబర్లు మూడు వరసలు నిండాయి. జెన్నిఫర్ లెక్కపెడితే నలభై మూడు వచ్చాయి. ఎలిజబెత్ ఆ మూడు వరసల మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

మర్నాడు అచ్యుతరావు బల్ల మీద పుస్తకం పెడితే టీ కప్పు కదిలింది. ఆయన ఆ సంగతే మర్చిపోయాడు. గుర్తొచ్చాక సరదాగా మధ్యలో తెరిచి, ఒక పేరు చూసి, ఎవరీయన అన్నాడు. చెప్పింది. ఇంకోచోట తెరిచాడు. చెప్పింది. తిరిగొచ్చిన కథలు, స్నానాల గది గోడ, ఉత్తరం ముక్క, బట్టలుతికిన తల్లి, అన్నీ చెప్పింది. గదిలో ఉన్న టీచర్లు ఈసారి నవ్వలేదు.

"అంటే, మొత్తం అర్థమైందన్నమాట," అన్నాడు అచ్యుతరావు.

అవునంటే అయిపోయేది.

"లేదు సార్. రాకెట్ల లెక్కలు ఒక నలభై పేజీలున్నయి. సదివిన, గని సమజ్ గాలే. గా మనిషి తన తప్పులన్ని తన చేత్తోని రాసుకున్నడు. నేను నలభై పేజీలకు అబద్ధమాడితె ఎట్ల?"

ఆయన పుస్తకం మూసి, అట్ట మీది మనిషిని ఒకసారి చూశాడు. "ఇది కొన్నది నేనే ఆయమ్మా. తెరిచింది మాత్రం ఇవాళే." పుస్తకాన్ని ఆమె వైపు జరిపాడు. "ఒక పని చేద్దాం. కొత్త మనిషి దొరికేదాకా పొద్దున బాత్రూములు, మధ్యాహ్నం లైబ్రరీ..."

ఎలిజబెత్ ఆయన ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. పదకొండేళ్లలో ఆ కుర్చీని రోజూ తుడిచింది గానీ కూర్చున్నది లేదు.

"దొర్కెదాక కూసుంట సార్," అంది. "మాట మీది."

ఆయన కుర్చీ వైపు చూశాడు, పుస్తకం వైపు చూశాడు, సొరుగు లాగి తాళాల గుత్తి బల్ల మీద పెట్టాడు.

పై అంతస్తుకు మెట్లెక్కేటప్పుడు మోకాళ్లు ఎప్పటిలాగే మొరాయించాయి. ఆమె బీరువా తెరిచింది. పుస్తకాన్ని తీసిన చోట కాకుండా, పిల్లల చేతికందే కింది అరలో చోటు చేసి, పేపరు అట్ట విప్పి నిలబెట్టింది. పెద్దాయన ఎప్పటిలాగే సూటిగా చూస్తున్నాడు.

"కూసో అయ్యా," అంది ఎలిజబెత్. "జెప్పింది సాలు."